రీడ్-హిల్‌వ్యూ విమానాశ్రయం: మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఈస్ట్‌రిడ్జ్ మాల్ వైపు ఎప్పుడైనా వెళ్లి ఉంటే, టల్లీ రోడ్డు మీదుగా బాగా కిందకు దిగుతున్న చిన్న విమానాలను చూసే ఉంటారు. అవి దిగేది రీడ్-హిల్‌వ్యూలో. ఎవర్‌గ్రీన్‌లోనూ ఆ చుట్టుపక్కలా ఇళ్లు వెతుక్కునేవాళ్లు, పిల్లల్ని పైలట్ చేయాలనుకునేవాళ్లు, శనివారం పొద్దున మోతకు విసిగిపోయినవాళ్లు అడిగే ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టాను. ఇది కౌంటీ అధికారిక సమాచారం కాదు. అభిప్రాయం చెప్పినచోట అది నాదే.

ఈ విమానాశ్రయం ఎవరిది? శాన్ హోసే సిటీదా?

కాదు. ఉన్నది సిటీ హద్దుల్లోనే, కానీ స్థలమూ నిర్వహణా శాంటా క్లారా కౌంటీవి. రోడ్లు, విమానాశ్రయాలు రెండూ చూసే కౌంటీ శాఖ ఒకటుంది, రోజువారీ పని దాని చేతిలో ఉంటుంది. పెద్ద నిర్ణయాలు తీసుకునేది ఐదుగురు సభ్యుల బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్. పెద్ద ఎయిర్‌లైన్ విమానాలు దిగే మినేటా విమానాశ్రయం మాత్రం సిటీది. ఈ తేడా తెలియక చాలామంది రీడ్-హిల్‌వ్యూ ఫిర్యాదు పట్టుకుని సిటీ కౌన్సిల్ దగ్గరకు వెళ్తారు. వాళ్లు వినొచ్చు, సానుభూతి చూపించొచ్చు, అంతకుమించి చేయగలిగింది పెద్దగా లేదు.

కౌంటీకి దక్షిణాన శాన్ మార్టిన్‌లో ఇంకో విమానాశ్రయం కూడా ఉంది. దానికి ఒకటే రన్‌వే, పైలట్లకు సూచనలిచ్చే కంట్రోల్ టవర్ లేదు. పాలో ఆల్టో విమానాశ్రయాన్ని కూడా చాలా ఏళ్లు కౌంటీయే నడిపింది, 2014లో అక్కడి సిటీ తిరిగి తీసుకుంది.

కౌంటీకి విమానాశ్రయం ఎందుకండీ? వింతగా ఉందే!

మన దగ్గర జిల్లా పరిషత్ విమానాశ్రయం నడపడం ఎక్కడా చూడం కాబట్టి అలా అనిపిస్తుంది. ఇండియాలో ఎక్కువ భాగం ఎయిర్‌పోర్ట్స్ అథారిటీవి. కర్నూలు దగ్గర ఓర్వకల్లులా రాష్ట్ర ప్రభుత్వం కట్టించినవీ, శంషాబాద్‌లా ప్రైవేటు భాగస్వామ్యంతో నడిచేవీ కొన్ని. అమెరికాలో ప్రజలు వాడుకునే విమానాశ్రయాలు 5 వేల పైచిలుకు. వాటిలో క్రమం తప్పకుండా ఎయిర్‌లైన్ విమానాలు వచ్చేవి కొన్ని వందలే. మిగతావన్నీ చిన్నవి, వాటిలో చాలా వరకు ఏదో ఒక సిటీదో కౌంటీదో అయి ఉంటాయి. ఊరి రోడ్డు, ఊరి లైబ్రరీ ఎలాగో ఇదీ అంతే.

ఇక్కడి నుంచి లాస్ ఏంజెలెస్‌కి టికెట్ దొరుకుతుందా?

దొరకదు. ఎయిర్‌లైన్లు లేవు, సెక్యూరిటీ క్యూ లేదు, బ్యాగేజ్ బెల్ట్ లేదు. రెండు సమాంతర రన్‌వేలున్నాయి, ఒక్కోటి దాదాపు 3,100 అడుగులు. బోయింగ్ 737 లాంటిది దిగడానికి ఆ పొడవు చాలదు. జెట్లు కూడా ఇక్కడ అరుదే.

మరి రోజంతా ఆ విమానాలన్నీ ఎవరివి?

ఎక్కువ భాగం శిక్షణ విమానాలు. రెండు లేదా నాలుగు సీట్లు, ఒక ఇంజను. పైన రెక్క, నాలుగు సీట్లు ఉన్న సెస్నా 172లే సగం కనిపిస్తాయి. ఫ్లయింగ్ స్కూళ్లు, క్లబ్బులు ఉన్నాయి. శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీ ఏవియేషన్ కోర్సు నడిచేదీ ఇక్కడే. ఇవి కాక సొంత విమానం ఉన్నవాళ్లు హ్యాంగర్, అంటే విమానం పెట్టుకునే షెడ్డు, అద్దెకు తీసుకుంటారు. హ్యాంగర్ దొరకనివాళ్లు బయట తాళ్లతో కట్టి నిలుపుకుంటారు.

ఏడాదికి దిగడాలూ ఎగరడాలూ కలిపి లెక్క దాదాపు 2 లక్షలు. అంటే 2 లక్షల విమానాలని కాదు. నేర్చుకునే కుర్రాడు గంటసేపట్లో దిగీదిగగానే మళ్లీ లేస్తూ ఏడెనిమిది చుట్లు కొడితే, ఒక్క విమానానికే పదిహేను దాకా లెక్క పడుతుంది. మీ ఇంటి మీదుగా అదే విమానం ఏడెనిమిది నిమిషాలకోసారి వస్తోందని మీకు అనిపించడం భ్రమేమీ కాదు, నిజంగా అదే విమానం.

ఇళ్ల మధ్యలో విమానాశ్రయం కట్టడమేమిటి?

కట్టినప్పుడు ఇళ్లు లేవు, తోటలే. రీడ్ అన్నదమ్ములు 1930ల చివర్లో మొదలుపెట్టిన ప్రైవేటు ఫీల్డ్ ఇది. కౌంటీ 1961లో కొన్నది. టవర్ 1967లో వచ్చింది. ఈస్ట్‌రిడ్జ్ మాల్ 1971లో తెరిచారు. ఇళ్లు ఆ ముందూ వెనకా చుట్టూ పెరిగాయి.

"ముందు మేమొచ్చాం" అని పైలట్లు ఈ తేదీలే చెబుతారు. అది నిజమే, కానీ అంతటితో మాట ముగియదు. అక్కడ ఇళ్లకూ బడులకూ అనుమతులిచ్చిందీ ప్రభుత్వాలే. తక్కువ ధరకు దొరికిన ఇంట్లో చేరిన కుటుంబం తప్పేముంది? ఆ చుట్టూ ఎక్కువగా ఉన్నది లాటినో, వియత్నామీ శ్రామిక కుటుంబాలు. మనవాళ్లు ఎక్కువగా ఎవర్‌గ్రీన్ కొండల వైపు, కాస్త దూరంగా ఉంటారు. ఈ గొడవ గురించి తీరిగ్గా మాట్లాడేటప్పుడు ఆ తేడా గుర్తుంచుకోవడం మంచిది.

సీసం గొడవేమిటి? పెట్రోల్‌లో సీసం ఎప్పుడో తీసేశారు కదా?

కార్ల పెట్రోల్‌లో తీసేశారు. అమెరికా రోడ్ల మీద 1996 నుంచి పూర్తిగా నిషేధం. కానీ పిస్టన్ ఇంజను విమానాలు వాడే 100 ఎల్‌ఎల్ అనే పెట్రోల్‌లో సీసం ఇంకా ఉంది. ఆ పేరులో రెండు 'ఎల్'లకు అర్థం తక్కువ సీసమని. తక్కువంటే గ్యాలన్‌కి 2 గ్రాముల దాకా! ఇంజను లోపల పెట్రోల్ అదుపు తప్పి పేలకుండా ఆక్టేన్ పెంచడానికి దాన్ని కలుపుతారు. జెట్ ఇంజన్లకు ఈ బెడద లేదు, అవి కిరోసిన్ లాంటి ఇంధనంతో నడుస్తాయి. కాబట్టి మినేటాలో దిగే పెద్ద విమానాల పొగలో సీసం ఉండదు, ఈ బుల్లి సెస్నాల పొగలో ఉండొచ్చు. చాలామంది దీన్ని తిరగేసి అనుకుంటారు.

కౌంటీ చేయించిన అధ్యయనం 2021 ఆగస్టులో బయటికొచ్చింది. చుట్టుపక్కల పిల్లల రక్తపరీక్షల ఫలితాలు పదేళ్లవి తీసి పోల్చారు. విమానాశ్రయానికి అర మైలు లోపల ఉన్న పిల్లల రక్తంలో, దూరంగా ఉన్నవాళ్ల కంటే సీసం ఎక్కువ కనిపించింది. గాలి వీచే వైపు ఉన్నవాళ్లలో ఇంకా ఎక్కువ. విమానాల రద్దీ పెరిగితే అదీ పెరిగింది. పైలట్ల సంఘాలు ఈ లెక్కల్ని ప్రశ్నించాయి: పాత ఇళ్ల పెయింట్ ఉంది, పక్కనే పెద్ద రోడ్లున్నాయి, పెరిగిన మోతాదు కూడా చిన్నదే అని. అయితే పిల్లల రక్తంలో ఇంతవరకు ఫరవాలేదు అనదగ్గ సీసం మోతాదు ఏదీ లేదని ఆరోగ్య సంస్థలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. 2023 అక్టోబరులో దేశ పర్యావరణ సంస్థ ఈపీఏ కూడా ఈ విమానాల సీసం ప్రజారోగ్యానికి ప్రమాదమేనని అధికారికంగా తేల్చింది.

నా మాట అడిగితే, ఈ విషయంలో విమానాలు నడిపేవాళ్లు పాతికేళ్లు ఆలస్యం చేశారు. "వేరే పెట్రోల్ లేదు" అన్న జవాబు అన్నేళ్లు చెల్లడమే తప్పు.

ఇప్పుడు అక్కడ ఏ పెట్రోల్ పోస్తున్నారు?

2022 జనవరి 1 నుంచి కౌంటీ తన రెండు విమానాశ్రయాల్లో సీసం ఉన్న పెట్రోల్ అమ్మకం ఆపేసింది. దాని బదులు 94 ఆక్టేన్ సీసరహిత పెట్రోల్ పెట్టారు. శిక్షణకు వాడే సెస్నాల్లో చాలావాటికి అది సరిపోతుంది. ఎక్కువ కంప్రెషన్ ఉన్న బలమైన ఇంజన్లకు సరిపోదు. అలాంటివాళ్లు వేరే ఊళ్లో దిగి నింపుకుని రావలసి వచ్చింది. 2024 చివర్లో జీ100యూఎల్ అనే 100 ఆక్టేన్ సీసరహిత పెట్రోల్ కూడా ఇక్కడ అమ్మకానికి వచ్చింది. దాన్ని 2022లోనే దేశ విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ ఆమోదించింది. వాడాక పెయింట్ లేచిందనీ, ట్యాంకు సీలెంట్ పాడైందనీ కొందరు యజమానులు ఫిర్యాదు చేశారు, తయారీదారు ఒప్పుకోలేదు. ఈ పంచాయతీ ఇంకా నడుస్తోంది.

ఒక మెలిక ఉంది. అమ్మకం ఆపారు గానీ, వేరేచోట సీసం పెట్రోల్ నింపుకుని వచ్చే విమానాన్ని దిగొద్దనే అధికారం కౌంటీకి లేదు.

మీరెప్పుడైనా శిక్షణ విమానం దగ్గర నిలబడితే ఇది గమనించండి. ఎగిరే ముందు పైలట్ రెక్క కింద వాల్వ్ నొక్కి, గొట్టంలాంటి ప్లాస్టిక్ కప్పులోకి కాస్త పెట్రోల్ పట్టి, వెలుతురులోకి ఎత్తి చూస్తాడు. అడుగున నీటిబొట్టు ఉందా, చెత్త ఉందా అన్నది మొదటి పరీక్ష. రంగు రెండోది. సీసం ఉన్నది లేత నీలంగా ఉంటుంది, 94 రకానికి రంగు కలపరు, జీ100యూఎల్ తేనెరంగులో ఉంటుంది. పొరపాటున జెట్ ఇంధనం పోస్తే పైకి లేచిన కాసేపటికే ఇంజను ఆగిపోతుంది కాబట్టి ఈ కప్పు పరీక్షను ఏ ఇన్‌స్ట్రక్టరూ వదలనివ్వరు.

మా ఇల్లు దగ్గర్లోనే. పాపకి టెస్ట్ చేయించాలా?

చేయించండి, టెన్షన్ పడుతూ కూర్చోవడం కంటే అది నయం. పిల్లల డాక్టర్‌ని రక్తంలో సీసం పరీక్ష కావాలని అడిగితే రాస్తారు. మామూలుగా ఏడాది, రెండేళ్ల వయసులో చేస్తారు. 2021 నుంచి అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ, రక్తంలో డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు దాటితే దృష్టి పెట్టాలంటోంది.

ఫలితం ఎక్కువొస్తే నేరం వెంటనే విమానం మీదకు తోసేయకండి. 1978కి ముందు కట్టిన ఇంట్లో పెయింట్ చూడాలి. దానితోపాటు మన వంటింటినీ పూజగదినీ కూడా చూడాలి. రంగు కోసం కల్తీ చేసిన పసుపు, కొన్ని రకాల సిందూరం, ఊరి నుంచి పొట్లం కట్టి తెచ్చిన కొన్ని ఆయుర్వేద మందులు, కాటుకలు, పాత ఇత్తడి గిన్నెలు: దక్షిణాసియా కుటుంబాల్లో సీసం ఎక్కువగా వచ్చే దారులివేనని అమెరికా ఆరోగ్య శాఖలు పదేపదే హెచ్చరిస్తున్నాయి. అమ్మమ్మ పంపిన పసుపును అనుమానించాలంటే మనసొప్పదు, తెలుసు. అయినా డాక్టర్‌కి చెప్పండి.

విమానాశ్రయం మూసేస్తున్నారట కదా?

ఎక్కువమంది అడిగేదీ, ఎక్కువ పుకార్లున్నదీ ఇదే.

2021 ఆగస్టులో కౌంటీ బోర్డు వీలైనంత త్వరగా మూసే దారి చూడమని నిర్ణయించింది. అయినా మూతపడలేదు. కారణం డబ్బు ముడి. చిన్న విమానాశ్రయాల రన్‌వేలకీ లైట్లకీ ఫెడరల్ ప్రభుత్వం గ్రాంట్లిస్తుంది, ఖర్చులో 90 శాతం వరకు కూడా. ఆ డబ్బు టికెట్ల మీదా ఇంధనం మీదా వేసే పన్నుల నిధి నుంచి వస్తుంది. తీసుకున్నవాళ్లు కొన్ని హామీల మీద సంతకం పెట్టాలి. మామూలుగా 20 ఏళ్ల పాటు విమానాశ్రయాన్ని తెరిచి ఉంచాలి, అందరినీ సమానంగా రానివ్వాలి, అక్కడ వచ్చిన ఆదాయాన్ని అక్కడే ఖర్చుపెట్టాలి. కౌంటీ 2011 తర్వాత కొత్త గ్రాంట్లు తీసుకోలేదు. ఆ లెక్కన 2031 దాకా కట్టుబడి ఉండాలి.

సీసం పెట్రోల్ ఆపే నిర్ణయం మీద ఎఫ్‌ఏఏ విచారణకు దిగింది, తర్వాత 2022 డిసెంబరులో రెండు పక్షాలూ ఒక అవగాహన ఒప్పందానికి వచ్చాయి. 2031 తర్వాత ఏమవుతుందో ఆనాటి బోర్డు చూసుకోవాలి. మధ్యలో ఎన్నికలున్నాయి, బోర్డు సభ్యులు మారుతుంటారు.

"సంతకాలదేముంది, రాత్రికి రాత్రి తవ్వేస్తే సరి" అనేవాళ్లకు షికాగో సంగతి చెప్పాలి. 2003 మార్చిలో అక్కడి మేయర్ రిచర్డ్ డేలీ అర్ధరాత్రి బుల్‌డోజర్లు పంపి, మెయిగ్స్ ఫీల్డ్ రన్‌వే మీద పెద్ద ఇంటూ గుర్తులు తవ్వించాడు. విమానాలు లోపలే చిక్కుకుపోయాయి. సిటీ 33 వేల డాలర్ల జరిమానా కట్టింది, దారి మళ్లించిన నిధుల కింద 10 లక్షల డాలర్లు వెనక్కి ఇచ్చింది. విమానాశ్రయం మాత్రం తిరిగి రాలేదు. ఆ జరిమానా అంత చిన్నది కావడం చూసి, తర్వాత చట్టంలో జరిమానాలు పెంచారు. ఇంకో దారి శాంటా మోనికాది: ఎఫ్‌ఏఏతో ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడి, 2017లో రాజీ కుదుర్చుకుని, 2028 చివర మూసుకునే హక్కు సంపాదించుకుంది.

మీరు మూసేయమంటారా, ఉంచమంటారా?

నా దృష్టిలో సీసం ఒక ప్రశ్న, మూసివేత ఇంకో ప్రశ్న. రెండింటినీ కలిపేస్తే రెండు వర్గాలకూ సౌకర్యం. మూసేయాలనేవాళ్లు పిల్లల రక్తపరీక్షను చేతిలో పట్టుకుని భూమి గురించి మాట్లాడతారు. ఉంచాలనేవాళ్లు "మీకు కావలసింది భూమే కదా" అని రక్తపరీక్షను పక్కకు తోసేస్తారు. సీసం సంగతి పెట్రోల్ మారిస్తే తీరుతుంది, మార్చడం మొదలైంది కూడా. ఆ తర్వాత మిగిలేది నికరంగా స్థలం ప్రశ్న: 180 ఎకరాల దాకా ఉన్న ప్రభుత్వ భూమి రన్‌వేగా ఉండాలా, ఇళ్లూ పార్కులూ కావాలా?

ఇళ్ల కరువు ఎంతుందో ఇక్కడ అద్దె కట్టేవాళ్లందరికీ తెలుసు. మరోవైపు 1989 లోమా ప్రియెటా భూకంపంలో రోడ్లు దెబ్బతిన్నప్పుడు, చిన్న విమానాల పైలట్లు ఇక్కడి నుంచి వాట్సన్‌విల్ వైపు సరుకులు మోశారు. 2020 కార్చిచ్చుల్లో అగ్నిమాపక హెలికాప్టర్లకూ ఇది పనికొచ్చింది. ఇక్కడి విద్యార్థి విమానాలన్నీ మినేటాకు పంపేద్దామంటే పెద్ద జెట్ల మధ్య వాటిని ఇరికించాలి, అది ఎవరికీ మంచిది కాదు. శాన్ మార్టిన్‌కు పంపితే ఈ మోత అక్కడివాళ్లకు తగులుతుంది. నేనైతే సీసం పూర్తిగా పోయాక, 2031కి ముందే కొత్తగా గాలినీ రక్తాన్నీ పరీక్షించి, అప్పుడు ఓటెయ్యమంటాను. మీ లెక్క వేరుగా ఉండొచ్చు.

రాత్రిళ్లు ఎగరకుండా కౌంటీ ఆపగలదా?

ఆపే వీలు దాదాపు లేదు. ఆకాశం ఎఫ్‌ఏఏది. 1990లో వచ్చిన చట్టం తర్వాత స్థానిక ప్రభుత్వాలు కర్ఫ్యూలు పెట్టడం చాలా కష్టమైంది. కౌంటీ చేయగలిగింది పైలట్లను బతిమాలడమే: ఫలానా బడి మీదుగా వద్దు, రాత్రి చుట్లు కొట్టొద్దు అని. చాలామంది వింటారు. ఊళ్ల మీద వెయ్యి అడుగుల ఎత్తు నియమం ఉంది గానీ, దిగేటప్పుడూ లేచేటప్పుడూ అది వర్తించదు. ఫిర్యాదు చేసేటప్పుడు తేదీ, సమయం, ఎటు నుంచి ఎటు వెళ్లిందో రాయండి. "ఎప్పుడూ మోతే" అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు.

దగ్గర్లో ఇల్లు నచ్చింది. కొనొచ్చా?

విమానాశ్రయ ప్రభావ ప్రాంతంలో ఉన్న ఇల్లు అమ్మేటప్పుడు ఆ సంగతి చెప్పి తీరాలని కాలిఫోర్నియా చట్టం. సంతకాల కాగితాల గుట్టలో ఆ పేజీ ఉంటుంది, చదవండి. రియల్టర్లు ఇళ్లు చూపించేది తరచుగా సాయంత్రాలు, లేదంటే మబ్బు కమ్మిన పొద్దుటిపూట. మబ్బులో విద్యార్థులు ఎగరరు. మీరు ఎండ కాసే శనివారం పదకొండు గంటలకు వెళ్లి, పెరట్లో అరగంట నిలబడి, ఫోన్‌లో ఎవరితోనైనా మాట్లాడి చూడండి. మామూలుగా గాలి వాయవ్యం నుంచి వీస్తుంది కాబట్టి టల్లీ రోడ్డు వైపు నుంచి దిగుతారు, ఒకాలా అవెన్యూ వైపు లేస్తారు. లేచేవైపే మోత ఎక్కువ.

నాకు నేర్చుకోవాలనుంది. హెచ్1బీ మీద ఉన్నా, కుదురుతుందా?

ఉద్యోగం చేసుకుంటూ సరదాగా పార్ట్‌టైమ్‌లో నేర్చుకునేవాళ్లు హెచ్1బీ, హెచ్4 మీద చాలామందే ఉన్నారు. అమెరికా పౌరులు కానివాళ్లంతా, గ్రీన్‌కార్డు ఉన్నాసరే, శిక్షణ మొదలుపెట్టే ముందు రవాణా భద్రతా సంస్థ టీఎస్ఏ తనిఖీ చేయించుకోవాలి. వేలిముద్రలు, ఫీజు ఉంటాయి, సమయం పడుతుంది. ఎఫ్1 విద్యార్థులు ముందు కాలేజీలో విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే డీఎస్ఓని అడగండి. విజిటర్ వీసా మీద వచ్చి కోర్సులో చేరడం కుదరదు. పూర్తిస్థాయి శిక్షణకని ఇండియా నుంచి వచ్చేవాళ్లకు ఎం1 వీసా ఉంది, అది ఇవ్వగల అనుమతి అన్ని స్కూళ్లకూ ఉండదు.

డబ్బు పెట్టే ముందు పైలట్లకు తప్పనిసరైన వైద్యపరీక్ష, అదే మెడికల్, చేయించుకోండి. పాఠాలు సగంలో ఉండగా, ఎప్పుడో వాడిన డిప్రెషన్ మందో, పిల్లవాడికి ఏడీహెచ్‌డీ అని రాసిన పాత కాగితమో అడ్డుపడి నెలలు ఆగిపోయినవాళ్లున్నారు. ఒంటరిగా ఎగరడానికి 16 ఏళ్లు, ప్రైవేట్ పైలట్ లైసెన్సుకు 17 ఏళ్లు నిండాలి. రూల్ ప్రకారం కనీసం 40 గంటలు చాలు, 60, 70 గంటలు దాటడం మామూలే. బే ఏరియా ధరల్లో 20 వేల డాలర్లు దాటుతుందని అనుకునే దిగండి.

ముందు రుచి చూడాలంటే డిస్కవరీ ఫ్లైట్ అని ఉంటుంది. పక్కన ఇన్‌స్ట్రక్టర్ కూర్చుని కాసేపు మీ చేతికే ఇస్తారు. దానికి టీఎస్ఏ కాగితాలు అక్కర్లేదు. 8 నుంచి 17 ఏళ్ల పిల్లలకైతే యంగ్ ఈగిల్స్ పేరుతో వాలంటీర్ పైలట్లు ఉచితంగా తిప్పుతారు.

ఇక్కడి లైసెన్సుతో ఇండియాలో ఎయిర్‌లైన్ ఉద్యోగం వస్తుందా?

నేరుగా రాదు. కమర్షియల్ లైసెన్సుకు ఇండియా విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 200 గంటలు అడుగుతుంది. వాళ్ల రాతపరీక్షలు పాసవ్వాలి, క్లాస్ 1 మెడికల్ ఇండియా పద్ధతిలో చేయించుకోవాలి. ఏజెంట్ ఏం చెప్పినా, ఆ మెడికల్ అయ్యాకే ఫీజు కట్టండి.

మా ఫ్రెండ్‌కి లైసెన్సుంది. తలా వంద ఇచ్చి తిరగొచ్చా?

ప్రైవేట్ పైలట్ డబ్బు సంపాదించకూడదు. విమానం అద్దె, పెట్రోల్, ఆయిల్, విమానాశ్రయం ఫీజు మాత్రం పంచుకోవచ్చు. పైలట్ తన వాటా తప్పక పెట్టుకోవాలి. పైలట్‌తో కలిపి నలుగురు ఎక్కి, మిగతా ముగ్గురే ఖర్చంతా భరిస్తే రూల్ తప్పినట్టే. వాట్సాప్ గ్రూపులో "సండే గోల్డెన్ గేట్ రైడ్, సీటు ఇంత" అని పెట్టడం అస్సలు వద్దు.

లేక్ కనింగ్‌హామ్ పార్కులో డ్రోన్ ఎగరేసుకోవచ్చా?

అది రన్‌వేకి కూతవేటు దూరం. టవర్ ఉన్న విమానాశ్రయం చుట్టూ ఆకాశం నియంత్రణలో ఉంటుంది. బొమ్మంత డ్రోన్‌కైనా ముందుగా ల్యాన్స్ అనే ఎఫ్‌ఏఏ ఆటోమేటిక్ అనుమతుల వ్యవస్థ ద్వారా ఫోన్ యాప్‌లో అనుమతి తీసుకోవాలి. మీరున్న చోటుకు యాప్ సున్నా అడుగులు చూపిస్తే అక్కడ ఆటోమేటిక్ అనుమతి లేదనే. అనుమతి దొరికినా పార్కు రూల్స్ వేరే ఉంటాయి, అవీ చూసుకోండి. 250 గ్రాములు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. బర్త్‌డే పార్టీ వీడియో కోసమైతే ఇంకో పార్కు వెతుక్కోవడమే తేలిక.